సత్తెమ్మవ్వ నేర్చుకున్న మాట

మొయినాబాద్,
ఆదివారం.

అమ్మకు, నీ చిన్న కూతురు గౌరి నమస్కరించి రాస్తున్నది.

నేను బాగున్నాను. ఆ మాట ముందే రాసేశాను కాబట్టి ఇక నిదానంగా చదువుకో. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? నాన్న దగ్గు తగ్గిందా? ఈ ఏడాది జీడితోట పూత బాగుందని తమ్ముడు చెప్పాడు. నువ్వు మాత్రం ఫోన్లో ఎప్పుడూ “అన్నీ బాగున్నాయి” అని ఒక్క మాటతో తేల్చేస్తావు. నేను బస్సులో ఉంటాను, నువ్వు పొయ్యి దగ్గర ఉంటావు, సగం మాటలు ఎవరికీ అందవు. అందుకే ఈసారి కాగితం మీద రాస్తున్నాను.

ఇక్కడ చలి మొదలైంది. మన పలాస చలిలా తడిగా ఉండదు, పొడిగా ఉండి పెదవులు పగిలిపోతాయి. కింద వాటాలో ఉండే ఇంటావిడ నాకు జొన్నరొట్టె చేయడం నేర్పుతున్నది. నేను చేసినవి ఇంకా గుండ్రంగా రావడం లేదు. తినగలుగుతున్నాను, బెంగ పెట్టుకోకు. నా మాట వింటే మా వీధి పిల్లలకు నవ్వు. మొన్న నోరు జారి “ఏటి?” అన్నానని రోజంతా నన్ను “ఏటి మేడం” అని పిలిచారు. సాయంత్రాలే కొంచెం కష్టం. గదికి వచ్చి తలుపు తీశాక మాట్లాడేవాళ్లుండరు. అలవాటవుతున్నదిలే.

నా పనేమిటో పక్కింటివాళ్లు అడిగితే చెప్పలేకపోతున్నానని అన్నావు కదా. చేవెళ్లలో వినిపించని పిల్లలకు చదువు చెప్పే చిన్న కేంద్రం ఉంది. రోజూ మొయినాబాద్ నుంచి బస్సులో వెళ్తాను. కేంద్రానికి రాలేని పిల్లల ఇళ్లకు వారానికోసారి నేనే వెళ్తాను. వాళ్లకు సైగల భాష వస్తే సరిపోదమ్మా, ఇంట్లో వాళ్లకూ రావాలి. వాళ్లేమో తెల్లారితే పొలాల్లో ఉంటారు, క్లాసు పెడితే ఎవరొస్తారు? అందుకని చిన్న చిన్న వీడియోలు చేసి వాళ్ల ఫోన్లకు పంపుతున్నాను. ఒక వీడియోలో ఒకే మాట. ముందు ఆ వస్తువు చూపిస్తాను, తర్వాత సైగ, చివర్లో పలక మీద పెద్ద తెలుగు అక్షరాలతో ఆ మాట. కూడికలూ తీసివేతలూ కూడా టమాటాలు పెట్టి అలాగే చెప్తాను. టీ తాగేంతసేపట్లో రెండుసార్లు చూసేయొచ్చు. మా గదిలో గోడకు నీ పాత నీలం చీర కట్టి, దాని ముందు నిలబడి తీసుకుంటున్నాను. నీ చీర ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతున్నదన్నమాట.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. ఈమధ్య నా మనసంతా దాని మీదే ఉంది.

చేవెళ్లకు ఇవతల ఒక ఊళ్లో అఖిల అనే అమ్మాయి ఉంది. ఎనిమిదేళ్లుంటాయి. పుట్టినప్పటి నుంచీ వినిపించదు. తండ్రి నర్సింలు కూరగాయలు పండించి మెహదీపట్నం తీసుకెళ్లి అమ్ముకుంటాడు. తల్లి పొద్దున్నే ఒక ఫామ్‌హౌస్ తోటలో పనికి వెళ్తుంది. పిల్ల పగలంతా నాయనమ్మ సత్తెమ్మవ్వ దగ్గరే. అఖిల ఏడాదిగా బడికి పోవడం లేదు. బలవంతంగా తీసుకెళ్లబోతే కరిచేది. ఊరంతా దాన్ని మొండిది అంటారు.

మొదటిసారి వెళ్లినప్పుడు సత్తెమ్మవ్వ నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది గానీ, నా మాట ఒప్పుకోలేదు.

“నేనేం జేస్త బిడ్డా, గా వీడియోలు జూసి? చేతులు తిప్పుకుంట కూసుంటే నలుగురు నవ్వరా?”

“నవ్వితే నవ్వనీ అవ్వా. రోజుకు ఒక్కటి చూడు, చాలు” అన్నాను.

కోడలి పాత ఫోన్ ఆమెకిచ్చారు. మొదట ‘నీళ్లు’ పంపాను. తర్వాత ‘అన్నం’, ‘నిద్ర’, ‘నొప్పి’. క్యారెట్ తవ్వే చోట గట్టున కూర్చుని చూసేదట. తోటి ఆడవాళ్లు నిజంగానే నవ్వారట. నేను మళ్లీ వెళ్లేసరికి ఆమె గడప దగ్గరే ఎదురొచ్చింది.

“మేడం, మొన్న ఇది అన్నం తినక అలిగిందనుకున్న. నొప్పి సైగ జేసి సూపిస్తే, నోట్ల ఏలు వెట్టి సూపెట్టింది. పన్ను నొప్పంట. నేను ఉత్తగనే రెండు దెబ్బలేసిన.”

ఆ తర్వాత ఆమెకు నేను చెప్పవలసిన పని లేకపోయింది. ఇయ్యాల్టిది ఇంకా రాలేదేమని ఆమే ఫోన్ చేసేది. అఖిల కూడా పక్కన కూర్చుని చూసేది. అలా ఒక రోజు ‘ఎక్కడ’ అనే మాట పంపాను. దాంతో పిల్లకు పండుగైపోయింది. అమ్మ ఎక్కడ, మేక ఎక్కడ, చెప్పులు ఎక్కడ అని కనిపించిన ప్రతిదాని గురించీ అడిగేది. అవ్వ విసుక్కోకుండా వేలు పెట్టి చూపించేది.

ఒక మధ్యాహ్నం నేను కేంద్రంలో ఉండగా సత్తెమ్మవ్వ ఫోన్ చేసింది.

“మేడం, ఇది మీసం దువ్వినట్టు జేసి, ఎక్కడ అని అడుగుతున్నది. మీసమంటె ఆళ్ల తాత. నేనేం జెప్పాలె? గా మాట నువ్వు పంపలే గద.”

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె నెమ్మదిగా చెప్పింది. ఆమె భర్త మల్లయ్య పోయి ఏడాది దాటింది. పిల్లను రోజూ బండి మీద బడికి తీసుకెళ్లేది ఆయనే. ఒక రోజు దాన్ని బడి దగ్గర దింపి వచ్చి, చేలో నీళ్లు కడుతూ గుండె పట్టుకుని పడిపోయాడు. ఇంట్లో ఏడుపులు, జనం. పిల్లకు ఏమీ తెలియదు కదా, ఎందుకు చూపించడమని, బడి నుంచి అటే కొండకల్‌లో ఉన్న మేనత్త ఇంటికి పంపేశారు. అన్నీ అయ్యాక తీసుకొచ్చారు. తాత లేడు. మంచం తీసేశారు. బండి కూడా లేదు. దానికి ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరికీ ఏ మాటా రాదు.

అమ్మా, నేను ఇన్ని వీడియోలు చేశాను గానీ ‘చనిపోవడం’ అన్న మాట చేయాలని నాకు తోచలేదు. పిల్లల మాటల్లో అది ఎందుకనుకున్నాను. ఆ సాయంత్రం నీ చీర ముందు నిలబడ్డాను. సైగ కష్టమేమీ కాదు, చేతులు కదిపితే అయిపోతుంది. కానీ సైగల భాషలో సగం మాట ముఖంలోనే ఉంటుంది. ముఖం ఎలా పెట్టాలో తెలియలేదు. భయపెట్టకూడదు, నవ్వకూడదు. ఎన్నిసార్లు తీసి చెరిపేశానో. చివరికి ఎండిపోయిన మొక్క చూపించాను, అది మళ్లీ చిగురించదని చూపించాను, తర్వాత సైగ చేశాను. పంపేశాను.

అవ్వ దగ్గర నుంచి జవాబు రాలేదు. మర్నాడూ లేదు. ఆ తర్వాతా లేదు. నేను తప్పు చేశానేమో, పిల్ల బెదిరిపోయిందేమో అని నాకు అన్నం సయించలేదు. వాళ్లింటికి వెళ్లాల్సిన రోజు ఇంకా రాలేదు, అయినా బస్సు దిగి నడిచి వెళ్లాను.

అఖిల వాకిట్లో మేకకు ఆకు పెడుతున్నది. సత్తెమ్మవ్వ చాట పక్కన పెట్టి నన్ను లోపలికి పిలిచింది.

“దానికి సూపియ్యలే మేడం. ఫోన్ దాసిపెట్టిన. నేను నేర్చుకుంటున్న.”

“నువ్వే చెప్తావా అవ్వా?”

“ఫోన్ల జూసి తెల్వొద్దు గది. నా చేతులల్ల జూసి తెల్వాలె. ఆయన నా పెనిమిటి, నేనే జెప్పాలె. జర నువ్వు కూసో. తప్పు జేస్తే సవరియ్యి.”

పిల్లను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నది. మీసం దువ్వి చూపించింది. అఖిల వెంటనే ‘ఎక్కడ’ అన్నది. అవ్వ చేతులు పైకెత్తింది. ఆ మాట చేసింది. నేను చేసినట్టు చేయలేదమ్మా, నాకంటే చాలా మెల్లగా, పిల్ల కళ్లల్లోకి చూస్తూ చేసింది. మళ్లీ రాడు అని చెయ్యి ఊపింది.

అఖిల కదలకుండా చూసింది. తర్వాత తన గుండె మీద వేలు పెట్టుకుని ‘నేను’ అన్నది. బడి సైగ చేసింది. మీసం దువ్వింది. అవ్వ చేసి చూపించిన కొత్త మాటను తన చిన్న చేతులతో చేసింది. మళ్లీ అదే వరస, మళ్లీ మళ్లీ.

“ఏమంటున్నది మేడం?” అవ్వ నా వైపు తిరిగింది.

నేను ఆ వరస విప్పి చెప్పాను. “తను బడికి పోయినందుకే తాత చనిపోయాడా అని అడుగుతున్నది అవ్వా.”

సత్తెమ్మవ్వ పిల్ల దగ్గరకు జరిగింది. తర్వాత రెండు చేతులతో పిల్ల ముఖం పట్టుకుని తన వైపు తిప్పుకున్నది. బడి అని చేసి, కాదు అన్నది. నువ్వు అని చూపి, కాదు అన్నది. మీసం దువ్వి, గుండె మీద చెయ్యి పెట్టి, ‘నొప్పి’ అన్నది. పిల్ల తలూపేదాకా ఎన్నిసార్లు చెప్పిందో నేను లెక్కపెట్టలేదు. అప్పుడు అఖిల ఏడ్చింది. దానికి గొంతు ఉందమ్మా, పెద్ద గొంతు. ఏడాదిగా దాచుకున్నది అంతా వచ్చింది. అవ్వ కూడా కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఏడ్చేది పిల్లకు కనపడాలని కాబోలు.

నర్సింలు బేరం ముగించుకుని అప్పుడే వచ్చాడు. సంగతి విని గుమ్మం దగ్గరే కూర్చున్నాడు.

“దానికి ఎర్క లేదనుకున్నం మేడం. గిన్ని దినాలు మొండిదని పేరు వెట్టినం” అన్నాడు. కాసేపటికి పిల్ల దగ్గరకు వచ్చి, మీసం సైగ ఎలా చేయాలో దాన్నే అడిగి నేర్చుకున్నాడు. వాళ్ల ఇంట్లో తాత పేరు అదే ఇప్పుడు.

ఇప్పుడు అఖిల కేంద్రానికి వస్తున్నది. రోజూ కాదు. కొన్ని రోజులు గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోతుంది. వచ్చిన రోజున అవ్వ బయట అరుగు మీద కూర్చోవాలి, మధ్యమధ్యలో పిల్ల కిటికీలోంచి చూసుకుంటుంది. అవ్వ అక్కడి నుంచే చెయ్యి ఊపుతుంది. సంచిలో చిక్కుడుకాయలు తెచ్చుకుని ఈనెలు తీసుకుంటూ కూర్చుంటుంది. ఈ కాపలా అవసరం కూడా తగ్గుతుందిలే.

కానీ పిల్లకు ఒక కొత్త అలవాటైంది. ప్రతివాళ్ల గురించీ అడుగుతున్నది, ఉన్నారా, చనిపోయారా అని. బస్సు డ్రైవర్ వాళ్లమ్మ గురించి కూడా అడిగింది. మొన్న నన్ను అడిగింది, నీకు అమ్మ ఉందా అని. ఉందని చెప్పి ఫోన్లో నీ ఫొటో చూపించాను, అక్క పెళ్లిలో తీసింది. అది చాలాసేపు చూసి, నా చెయ్యి పట్టుకుని జాలిగా నిమిరింది. ఎందుకో నాకు తర్వాత తెలిసింది. వాళ్లింట్లో ఫొటో ఉన్నది తాతకు ఒక్కడికే. ఫొటో ఉందంటే మనిషి లేడని దాని లెక్క.

బతికే ఉంది, రైల్లో వెళ్లాలి, చాలా దూరం అని ఎంత చెప్పినా నమ్మలేదు. అందుకని అమ్మా, నాకొక పని చేసిపెట్టు. కెమెరా అంటే నీకు సిగ్గని తెలుసు. మంచి చీర కట్టుకోనక్కర్లేదు, మాట్లాడనూ అక్కర్లేదు, అది ఎలాగూ వినదు. జీడిపప్పు ఒలుస్తున్నప్పుడు తమ్ముణ్ణి తీయమను. ఒక్కసారి తలెత్తి ఇటు చూసి చెయ్యి ఊపు, చాలు. చిన్నదైనా పరవాలేదు.

అఖిల చూశాక దాన్ని చెరిపేయను, నేను దాచుకుంటాను.

నాన్నకు, పెద్దమ్మకు నా నమస్కారాలు. తమ్ముడికి ముద్దులు, వాడు వద్దన్నా సరే. మీ ఆశీస్సులు నా మీదా, ఈ పిల్లల మీదా ఉండాలని కోరుతూ,

నీ కూతురు,
గౌరి