బేతమంగళ చెరువుగట్టున ఐదు రోజులు, ఒక నెమలి

నవంబర్ 12, బుధవారం

ఉదయం 10.20. వచ్చేశాం! బేతమంగళ చెరువుకు ఎదురుగా మా ఆయన స్నేహితుడి తోట ఇల్లు. నేను, నాగరత్నక్క. ఐదు రోజులు. అంగడి లేదు, వంట లేదు, మొగుళ్లు లేరు. కుట్టుపని మాత్రమే!

ఈ డైరీ ఎవరి చేతికైనా చిక్కితే వాళ్ల కోసం: నేను దీపశ్రీ. బంగారుపేటలో మాకు బట్టల అంగడి ఉంది. నాగరత్నక్కది కేజీఎఫ్‌లోని కోరమండల్. బడిలో ముప్పై ఏళ్లు కుట్టుపని నేర్పి రిటైరైంది. ఒకసారి దారం కొనడానికి వచ్చి, గల్లా దగ్గర కూర్చుని నేను కుడుతున్న గొలుసు కుట్టు చూసి "ఇది గొలుసా, ఎర్రపామా?" అని అడిగింది. అప్పటి నుంచీ మేం స్నేహితులం.

తీర్మానాలు:
1. ఫోన్ బీరువాలో.
2. సీరియళ్లు బంద్.
3. బల్ల మీద పరిచే నెమలి మేజాబట్ట నేను పూర్తి చేయాలి. (మొదలుపెట్టి పదకొండేళ్లు. ముక్కు, ఒక కాలు అయ్యాయి.)
4. అక్క ఆరు దిండు గలీబులు కుట్టాలి.

తప్పించుకోవడానికి లేదు. 23న మహిళా సంఘం ప్రదర్శన. మా కార్యదర్శి విశాలమ్మకు మాటిచ్చింది నేనే. ఆహ్వానపత్రంలో ఇద్దరి పేర్లూ అచ్చయ్యాయి. నా పేరుకు ముందు 'కళాకారిణి' అని వేయమన్నదీ నేనే.

మధ్యాహ్నం 3.00. చెరువు నిండుగా ఉంది. కొంగలు! ప్రశాంతత! పని రేపటి నుంచి. మొదటి రోజు మనసును సిద్ధం చేసుకోవాలి.

నవంబర్ 13, గురువారం

7.00. వరండాలో కూర్చున్నాం.

7.25. గాలి. దారాలు చెరువు వైపు పరుగు. లోపలికి మారాం.

8.10. లోపల వెలుతురు చాలదు. మళ్లీ వరండా.

9.00. నెమలి మెడ నీలమా, ఆకుపచ్చా? బీరువాలోంచి ఫోన్ తీశాను. దీన్ని ఫోన్ చూడటం అనరు. పరిశోధన అంటారు.

12.30. పరిశోధన ముగిసింది. రెండు వంటలు, ఒక పిల్లి, ఎవరిదో గృహప్రవేశం చూశాను. వేసిన కుట్లు: తొమ్మిది.

అక్క నాకంటే అన్యాయం. సూది నా చేతికిచ్చి, "దారం ఎక్కియ్యి దీపా" అంటుంది.

"నువ్వే ఎక్కించుకోరాదా అక్కా?"

"చెయ్యి తిమ్మిరెక్కినాది లే."

ఎక్కించి ఇచ్చాను. అరగంటకు మళ్లీ అదే సూది, అదే మాట. "ముప్పై ఏండ్లు పిల్లోళ్లకి నేర్పినావు. ఇప్పుడు నీకి నేను ఆయానా?" అన్నాను.

నవ్వలేదు. రిటైరైతే సోమరితనం ఇలాగే వస్తుంది కాబోలు. నన్ను చూసి నేర్చుకోవచ్చు కదా. తొమ్మిది కుట్లు!

నవంబర్ 14, శుక్రవారం

మధ్యాహ్నం 1.00. తోట చూసుకునే గురువమ్మ రాగిముద్ద, ఆకుకూర ఉడికించిన నీళ్లతో బస్సారు చేసింది. "ఇంగొక ముద్ద ఎయ్యాల్నా అమ్మా?" అంది. "చాలు, చాలు" అన్నాను, కంచం ముందుకు జరుపుతూ.

2.00. కళ్లు మూసుకుని నెమలి తోక గురించి ఆలోచించాను.

4.40. ఆలోచన ముగిసింది. దిండు మీద చొంగ.

5.00. అక్క గలీబు చూశాను. ఎర్రటి ఆకులు! ముదురాకుపచ్చ గులాబీ! నవ్వాగలేదు. ఫోటో తీసి సంఘం గ్రూపులో పెట్టాను: 'టీచరమ్మ కొత్త డిజైను. ఆకేదో పువ్వేదో చెప్పిన వాళ్లకు బహుమతి.' పది నిమిషాల్లో ముప్పై మంది నవ్వారు. విశాలమ్మ ఏకంగా స్టేటస్ పెట్టుకుంది.

నా నెమలి ఎంతవరకు వచ్చిందని ఒక్కరూ అడగలేదు. అందుకే పెట్టానని మాత్రం ఎవరూ అనకూడదు.

6.10. తనూ నవ్వుతుందని అక్కకు చూపించాను. ఫోన్‌ను దగ్గరికి తెచ్చుకుంది, దూరం జరిపింది. "ఏముండాది దీంట్లో?" అంది. చదివి వినిపించాను. గలీబు మడిచి సంచిలో పెట్టుకుంది.

ఈ మాత్రం దానికి అలకా?

నవంబర్ 15, శనివారం

8.00. అక్క మంచం ఖాళీ! గురువమ్మను అడిగాను.

"తెల్లారినంకనే సంచి ఎత్తుకోని బస్టాండుకి పోయిందమ్మా. నీకి చెప్పొద్దనింది. అందుకే చెప్తా ఉండా."

8.25. బస్టాండు. అక్క కనిపించింది. నాలుగు మాటలు అడిగేద్దామని బయలుదేరి ఆగిపోయాను. బస్సు వచ్చింది. ముందు బోర్డు మీద కేజీఎఫ్ అని జానెడేసి అక్షరాలు. అక్క సరిగ్గా ఆ బోర్డుకు ఎదురుగా నిలబడి, పక్కనున్న పెద్దాయనను అడిగింది: "ఇది యాడికి పోయే బస్సప్పా?"

"కండ్లెదురుగానే బోర్డుండాది కదమ్మా!" ఆయన పకపకా నవ్వి ఎక్కేశాడు. అక్క కూడా నవ్వినట్టు ముఖం పెట్టింది. బస్సు వెళ్లిపోయింది. అక్క ఎక్కలేదు.

ఆ పెద్దాయనను దులిపేయాలనిపించింది. నిన్న నేను చేసిందీ అదే. ఆయన ఒక్కడే నవ్వాడు, నేను ముప్పై మందిని పిలిచి మరీ నవ్వించాను.

దగ్గరికి వెళ్లి, "ఎన్ని దినాలుగా అక్కా?" అన్నాను.

"ఎవురూ... దీపానా?"

మూడడుగుల దూరంలో ఉన్నాను!

"ఉగాది కాడినించి" అంది. "రెండు కండ్లకీ పొర, ఏ రంగేదో తెల్దు. ఆపరేషన్ చెయ్యాలన్నాడు డాక్టరు."

"నాతో ఒక మాట చెప్పకూడదా?"

"నీతో చెప్తే బంగారుపేటకంతా చెప్పినట్లే కదే."

అది నిజమే. అక్క చేతిలోని సంచి అందుకున్నాను.

"జనం నన్ను పిల్చేదే కుట్టు టీచరమ్మ అని. సూదిలో దారం ఎక్కించలేనంటే ఇంగ నేనెవురు? ఆపరేషన్ చెడితే ఉండే చూపూ పోతాది. కండ్లు ఈ మాత్రం ఉండంగానే నీ పక్కన కూర్చోని నాలుగు కుట్లు ఏసుకుందామని వచ్చినా. అంతే."

నాకు మాట రాలేదు. మా ఆయన చదివితే ఈ వాక్యాన్ని నమ్మడు.

11.00. గ్రూపులో ఫోటో తుడిచేశాను. విశాలమ్మకు ఫోన్ చేసి స్టేటస్ తీసేయమన్నాను. "ఎందుకమ్మా, అందరూ బాగా నవ్వుతా ఉండారు కదా?" అంది. వాళ్లకు నవ్వడానికి ఏదో ఒకటి కావాలి. నా నెమలి ఫోటో పెట్టాను: 'కళాకారిణి దీపశ్రీ. పదకొండేళ్ల కృషి. ఇది ఏ పక్షి?'

జవాబులు: కొంగ ఆరు, కోడి నాలుగు. ఒకావిడ 'పక్షి అని ఎవరన్నారు?' అంది. విశాలమ్మ స్టేటస్ మార్చింది. నా కీర్తి చెరువులో కలిసింది.

నవంబర్ 16, ఆదివారం

ఈ రోజు ఇద్దరం సూది ముట్టలేదు. పొద్దంతా వరండాలో కూర్చున్నాం. అక్క భయం గురించి మాట్లాడింది. నేను మధ్యలో దూరలేదు. (నాలుగుసార్లు దూరబోయి ఆగాను.)

సాయంత్రానికి ఆపరేషన్‌కు ఒప్పుకుంది. షరతులు: పక్కన నేను ఉండాలి, నోరు మూసుకుని ఉండాలి. ప్రదర్శనకు ఏమీ ఇవ్వలేమని విశాలమ్మకు చెప్పేశాను. "పేర్లు అచ్చయిపోయినాయే!" అని గోల. అచ్చయిన అబద్ధాల్లో అదొక్కటేనా?

నవంబర్ 20, గురువారం

కోలారు, కంటి ఆసుపత్రి. 11.30. అక్కను లోపలికి తీసుకెళ్లారు. ముందు ఒక కన్ను. ఊరికే కూర్చోలేక మేజాబట్ట తీశాను.

1.15. తలెత్తి చూస్తే నెమలి మెడ అయిపోయింది! ఎలా కుట్టానో నాకే తెలియదు. అక్క బాగానే ఉందట.

నవంబర్ 21, శుక్రవారం

కట్టు విప్పారు. అక్క గోడ చూసింది, నర్సును చూసింది, నన్ను చూసింది. "ఇన్ని తెల్లెంటికలు ఎప్పుడొచ్చినాయే నీకి?" అంది. నేను ఏడ్చేశాను. వెంట్రుకల గురించి కాదు.

ఆ తర్వాత నా ఒడిలోని మేజాబట్ట లాక్కుని తిరగేసింది. కుట్టు టీచర్లు వెనకవైపు కుట్లే చూస్తారు.

"గడ్డివామి మాదిరి ఉండాది. అంతా విప్పు."

"నిన్న కుట్టిన మెడ కూడానా?"

"అంతా!"

నవంబర్ 22, శనివారం

సాయంత్రం 4.00. విప్పేశాను. పదకొండేళ్లు విప్పడానికి నలభై నిమిషాలు పట్టింది.

కొత్త తీర్మానం: సోమవారం నుంచి రోజూ పొద్దున ఒక గంట కుట్టుపని. సోమవారం అంగడిలో సరుకు దిగుతుంది. మంగళవారం నుంచి. గట్టిగా!

4.10. అక్క ఫోన్. "మంగళవారం అని రాసుకోని ఉంటావు. కొట్టెయ్యి. రేపు ఏడు గంటలకి మా ఇంటికాడ ఉండాల. నల్లద్దాలు పెట్టుకోని కూర్చోనుంటా."

కొట్టేశాను. రేపటి నుంచి!