వెనక సీటు బరువు

అన్నా, ఈ పొద్దు పిల్లోళ్లను కార్లో ఎక్కించొద్దు. నిన్న కోయిలకుంట్ల మలుపులో వెనకభాగం పక్కకు జారి కాలవ అంచు దాకా పోయింది. నాకేం కాలేదు. మెకానిక్ జమాల్ బాషా తోలి చూసినాడు. టైర్లు బాగుండాయి, మనం వేయించిన గట్టి స్ప్రింగులతోనే తంటా అన్నాడు. అమ్మ, చక్రాల కుర్చీ, ఆక్సిజన్ సిలిండరు ఉన్నన్నాళ్లూ ఆ బరువుకు కుదురుగా పోయింది. ఇప్పుడు వెనక ఖాళీ కదా, గుంత తగిలితే చక్రాలు ఎగురుతాండాయి. పాత స్ప్రింగులు మంచం కింద ఉండాయి. సాయంత్రం నువ్వే షెడ్డుకు నిదానంగా తోలుకపో. నేను బస్సుకు పోతాండా.
ఓబుళేశు

ఇంకోటి. "ఏమప్పా, కుర్చీ కనపల్లేదే, అమ్మ నడుస్తాందా?" అని జమాల్ శానా సంతోషంగా అడిగినాడు. అవునని తలూపినా. అమ్మ పోయిన సంగతి ఆయనకు నువ్వే చెప్పు.