అమ్మలు ఆడిన జపాను ఆట

అమ్మలూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. సదర్ బజార్‌లో కొన్న నీ జపాను వీడియో ఆట ఇంకా టీవీ పక్కనే ఉంది. ఆ భాషలో ఒక్క అక్షరం రాకపోయినా, ఏ గుర్తు నొక్కితే మందు, ఏది నొక్కితే కత్తి అని నోటుబుక్కులో బొమ్మలు గీసుకున్నావు. అందులోని ఊళ్లన్నీ తిరిగి మనుషుల్ని పలకరించడం నీకిష్టం. అదే దెయ్యంతో వందసార్లు కొట్లాట నాకు విసుగు. అయినా నువ్వు ఆగిన చోటు క్యాసెట్‌లో దాచి ఉంది కదా, అక్కణ్ణించి రెండడుగులు వేద్దామని కూర్చున్నాను.

"ఏటండీ, కళ్లజోడెట్టుకుని దెయ్యాల్తో యుద్ధమా?" అంది మీ అమ్మ.

"అచ్ఛా, నువ్వూ రా. ఈ నోటుబుక్కు పట్టుకో."

తెర ఏదో అడిగింది. ఒక మాట ఎరుపు, ఒకటి పచ్చ. నోటుబుక్కులో ఆ రెండూ లేవు. రిటైరయ్యేదాకా రైలింజన్ నడిపినవాణ్ణి, పచ్చ కనిపిస్తే ఆగను. నొక్కేశాను. నువ్వు దాచుకున్నదంతా చెరిగిపోయి, ఆట మొదటికొచ్చింది.

మీ అమ్మ పెన్సిల్ తెచ్చి నా చేతిలో పెట్టింది. నీ బొమ్మల కింద ఆ పచ్చ గుర్తు గీసి, "ఇది నొక్కకూడదు" అని రాశాను.

నాన్న