బయటివైపు గడియ

అత్తయ్యా,

నిన్న ఫోన్‌లో కాళ్ల నొప్పులు తగ్గాయా అని అడిగావు. తగ్గాయి. ఫోన్‌లో చెప్పనిది ఇప్పుడు రాస్తున్నాను.

మనుషుల్ని అమ్ముకునేవాళ్ల గురించి జనానికి చెప్పాలని ఊరూరా నడుస్తున్న మాకు మీ ఇంట్లో బస ఇచ్చావు. మా సభలో మైకు పట్టుకుని కన్నీళ్లు కూడా పెట్టుకున్నావు. మా అత్తయ్యేనని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్తే, సామాన్ల గదిలోంచి ఎవరో తలుపు కొడుతున్నారు. గడియ బయటివైపు వేసి ఉంది. తీశాను. మీ పనమ్మాయి! ముందురోజు మా అందరి కాళ్లకీ వేడినీళ్లు పెట్టిన మనిషి.

"బాత్రూమ్‌కి వెళ్లొచ్చేస్తానండీ. తర్వాత గడియ మీరే వేసేయండి, లేకపోతే మేడమ్‌ ఊరుకోరు" అంది.

నన్నే వేయమంది అత్తయ్యా! నేను వేయలేదు. ఛీ, ఆ గడియ తుప్పు ఇంకా నా వేళ్లకి అంటుకున్నట్టే ఉంది.

"అది మా ఇంటి మనిషిలాంటిదే" అంటావా? ఇంట్లో ఇంకెవరి గదికి బయట గడియ ఉంది, మామయ్య గదికా?

నువ్వు లాక్కుని నీ బీరువాలో దాచావని ఆమె చెప్పిన గుర్తింపు కార్డు, ఈ ఉత్తరం తెచ్చిన లాయరుగారి చేతిలో పెట్టు. ఆయన దగ్గర కన్నీళ్లు పెట్టుకోకు. ఆయన చప్పట్లు కొట్టరు.

"అది పారిపోయింది, దారిలో కనిపిస్తే పట్టుకోండి" అని కూడా నిన్న ఫోన్‌లో అన్నావుగా. కనిపించింది. మా అందరికంటే ముందు, బ్యానర్‌కి ఒక కొస పట్టుకుని నడుస్తోంది. రెండో కొస పట్టుకున్నది నేనే.

నీ మేనకోడలు