రొట్టె మీద ప్రమాణం

అట్-బాషి,
19 అక్టోబరు

అక్క ఐసల్కిన్‌కు,

చెల్లెలు బురులాయ్ సలాములు. ఇక్కడ అందరం క్షేమం. బావ మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. మొన్న కొండల మీద మంచు పడితే గొర్రెల్ని కిందికి దింపేశాం.

తమ్ముడి తగువు ఏమైందని అడిగావు. అది ఫోనులో చెప్పేది కాదు.

జెక్షెన్ గడ్డివాములు తగలబడి నెల దాటింది. మన తినాయే అంటించాడని అతను పోలీసులకు కాగితం పెట్టాడు. పచ్చికబయలు గట్టు విషయంలో వాళ్లిద్దరికీ పడదని ఊరందరికీ తెలుసు, కాని కళ్లారా చూసినవాళ్లు లేరు. మనవాడు కాదంటాడు. కోర్టుకెక్కితే ఏళ్లు పడుతుంది, రుజువైతే జైలు. అందుకని తెల్లగడ్డాల పెద్దలు ఇద్దర్నీ కూర్చోబెట్టారు. తినాయ్ ప్రమాణం చేస్తానంటే ఒప్పుకోలేదు. పాత పద్ధతే ఖాయం చేశారు: ప్రమాణం నిందపడ్డవాడి బంధువు చేయాలి, ఆ బంధువెవరో నిందవేసినవాడే చెప్పాలి. ఆయన చేస్తే తగువు అక్కడితో సరి. చేయనంటే తప్పు ఒప్పుకున్నట్టే.

జెక్షెన్ ఎవరి పేరు చెప్పాడనుకున్నావు? సాదిర్ పెదనాన్నది. నాన్నతో చెడి పదకొండేళ్లుగా మన గడప తొక్కని మనిషి. తినాయ్ పని అయిపోయిందనుకున్నారంతా.

శుక్రవారం పెదనాన్న గుర్రమెక్కి వచ్చాడు. తమ్ముణ్ణి పక్కకు పిలిచి ఒక్కటే అడిగాడట, నువ్వు చేశావా అని. లేదన్నాడట వీడు. ఆయన ఇంకో మాట అడక్కుండా పెద్దల మధ్య మోకాళ్ల మీద కూర్చుని రొట్టె చేతుల్లోకి తీసుకున్నాడు. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి.

"ఆలోచించుకో పెద్దాయనా, నీకు మనవలున్నారు. ప్రమాణం అబద్ధమైతే వాళ్లకే తగులుతుంది," అన్నాడు జెక్షెన్.

"ఉన్నారు, ఏడుగురు. అందర్నీ ఈ రొట్టె మీద పెడుతున్నా. వీడు నా తమ్ముడి కొడుకు. చెయ్యలేదన్నాడు. నాకంతే చాలు."

అక్కా, ఆయన రొట్టె నొసటికి తాకించి ప్రమాణం ముగించబోతుంటే తినాయ్ వెళ్లి ఆ చేతులు పట్టేసుకున్నాడు.

"వద్దు పెదనాన్నా. నేనే అంటించాను."

ఆయన కొట్టలేదు, తిట్టలేదు. వాడి తల దగ్గరికి లాక్కుని అలాగే చాలాసేపు కూర్చున్నాడు.

మన గడ్డిలో సగం జెక్షెన్ కొట్టానికి తోలాలనీ, రెండు వేసవులు తినాయ్ అతని బయలు కోసిపెట్టాలనీ పెద్దలు తేల్చారు. జెక్షెన్ కాగితం వెనక్కి తీసుకుంటానన్నాడు. వీడి కోత వంకర, పక్కన నిలబడి చూసుకోవాలి అని కూడా అన్నాడు. అప్పటికి అందరూ నవ్వారు.

పెదనాన్న మనింట్లో చాయ్ తాగాడు. తర్వాత, నాన్న సమాధి దగ్గరికి తీసుకెళ్లమన్నాడు.

నీ
బురులాయ్

తా.క. ఇది చదివాక ఉత్తరం పొయ్యిలో వెయ్యి. వాములు కాలిన రోజు తమ్ముడి చొక్కా ఉతికింది నేను. ఎంత ఉతికినా కిరోసిన్ వాసన పోలేదు. పోలీసులకు చెప్పలేను, చెప్పకుండా ఉండలేను. జెక్షెన్ భార్య దగ్గరికి పోయి పెదనాన్న పేరు చెప్పించింది నేనే. ఇంకెవరు ప్రమాణం చేసినా తినాయ్ చూస్తూ ఊరుకునేవాడు, మనతో చెడిన మనిషై ఉండీ ఆయన చేస్తే ఊరుకోలేడనుకున్నాను. ఒకవేళ ఊరుకునుంటే ఆ ఏడుగురు పిల్లల ఉసురు నాకే తగిలేది. రొట్టెకీ ఆయన నొసటికీ మధ్య వేలెడు ఎడమే మిగిలింది, అక్కా.