ఇద్దరూ నిలబడితేనే ఆట

కాడుగోడి,
బుధవారం

అమ్మా,

నేను బాగానే ఉండాను, దిగులు పడొద్దు. హాస్టల్లో ఆదివారం తప్ప ఫోను చేతికియ్యరు కాబట్టి కార్డు రాస్తా ఉండాను.

నిన్న షటిల్‌లో అండర్ సెవెంటీన్ మిక్స్‌డ్ డబుల్స్ సెమీస్ ఆడినాం. మొదటి గేమ్ మేమే గెలిచినాం. రెండోదాంట్లో నా జోడీ సుహాస్‌కు కాలు మడతపడి వాచిపోయింది. "నేనొక్కదాన్నే ఆడతాను సార్" అని అంపైర్‌ను అడిగినాను. "రూల్ ఒప్పుకోదమ్మా. ఇద్దరూ కోర్టులో ఉండాల. మధ్యలో జోడీని మార్చేదానికీ లేదు" అన్నాడు.

"ఊరికే నిలబడతాలే, నువ్వు ఆడు" అని సుహాస్ పళ్ళు బిగించి నెట్టు దగ్గర నిలబడినాడు. కోర్టంతా నేనే పరిగెత్తినాను. అయినా షటిల్ వచ్చినప్పుడంతా వాడు కుంటుకుంటా కదిలేది చూడలేక, నేనే చెయ్యెత్తి "ఇంక ఆడము సార్" అన్నాను. ఫైనల్ పోయింది.

వాళ్ళమ్మ వచ్చి వాడిని పట్టుకొని ఏడ్చి, ఆటోలో తీసకపోయింది. హాస్టల్ బస్సు సాయంత్రం గానీ రాదు. గ్యాలరీలో ఒక్కదాన్నే కూర్చొని పొద్దున కట్టిచ్చిన చిత్రాన్నం తిన్నాను.

చెల్లెలికి జరం తగ్గిందా? ఎవరైనా ఇటొస్తే నిమ్మకాయ ఊరగాయ, నా పాత దుప్పటి పంపు. వచ్చే నెల సింగిల్స్ ఉండాది. ఒకసారి రా అమ్మా. నీకు ఆట అర్థం కాకపోయినా పర్వాలేదు. మ్యాచ్ అయినాక బయటికొస్తే నువ్వు కనపడాల, అంతే.

నాయనకు, అవ్వకు నా దండాలు చెప్పు.

నీ కూతురు,
కావేరి