అరిచినవాళ్ళ పీట

అక్కా,

మేమంతా బాగున్నాం. నువ్విచ్చిన ఎర్రపీట బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఎవరు అరిస్తే వాళ్ళు, తమకి ఎన్నేళ్ళుంటే అన్ని నిమిషాలు దానిమీద కూర్చోవాలి, ఎవరూ పలకరించకూడదు అన్నావు కదా. మా నాలుగేళ్ళవాడు నాలుగు నిమిషాలకే దారికొచ్చాడు.

కానీ మొన్న వాడు వాళ్ళ నాన్న బూట్లో పాలు పోస్తే, ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచాను. ఏడేళ్ళ పెద్దది నా చెయ్యి పట్టుకెళ్ళి పీటమీద కూర్చోబెట్టింది. ముప్పై నాలుగు నిమిషాలు! ఒక్కరూ "అమ్మా" అనలేదు. చేతిలో ఉన్న కాఫీ వేడిగా ఉండగానే తాగేశాను. పిల్లలు పుట్టాక ఇదే మొదటిసారి.

అప్పట్నుంచి నా నోరు అదుపులో ఉండట్లేదు. మొన్న లెక్క తప్పింది, నాకు నలభై రెండేళ్ళని పెద్దదానికి చెప్పాను. ఆడవాళ్ళు వయసు తగ్గించి చెప్తారని ఎవరన్నారో! నువ్వు మాత్రం అసలుది చెప్పేయకు.

చిక్కల్లా ఒక్కటే. నోట్లో నాలుక లేని మీ మరిది కూడా నిన్నట్నుంచి ఊరికే అరుస్తున్నారు. ఉన్నది ఒక్క పీట. ఇంకోటుంటే వెంటనే పంపు.

నా టైమైపోయిందని పెద్దది గిన్నెమీద గరిటెతో కొడుతోంది. ఉండు, ఇంకోసారి అరిచొచ్చి మిగతాది రాస్తాను.

నీ చెల్లి